ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్ మూడో డివిజన్‌లో: బ్లాక్‌బర్న్‌లో ఉండి చూసిన 2017-18 సీజన్

ఇంగ్లండ్‌లో కింది డివిజన్ క్లబ్బుల వెంట అంతమంది ఎందుకు పడతారు, ప్రీమియర్ లీగ్ టీవీలో వస్తుంటే అక్కడ చూడ్డానికి ఏముంటుంది అని అడిగారు కదా. 2017-18లో నేను మాంచెస్టర్‌లో పని చేస్తూ, అద్దె తక్కువని బ్లాక్‌బర్న్‌లో ఉండేవాణ్ణి. ఆ ఏడాదే బ్లాక్‌బర్న్ రోవర్స్ లీగ్ వన్‌లో ఆడింది. పేరులో వన్ ఉందని ఒకటో లీగ్ అనుకోకండి, ప్రీమియర్ లీగ్ కింద చాంపియన్‌షిప్, దాని కింద ఇది. 24 జట్లు, ఒక్కో జట్టుకు 46 మ్యాచ్‌లు. మొదటి రెండు నేరుగా పైకి, మిగిలిన ఒక్క చోటు కోసం 3 నుంచి 6 దాకా ప్లేఆఫ్ అనే చిన్న నాకౌట్ పోటీ, చివరి నాలుగు ఇంకా కిందికి.

రోవర్స్ చిన్న క్లబ్ కాదు. 1888లో ఫుట్‌బాల్ లీగ్ మొదలుపెట్టిన 12 క్లబ్బుల్లో ఒకటి, ఇంగ్లండ్ నాకౌట్ టోర్నీ ఎఫ్‌ఏ కప్ 6 సార్లు గెలిచింది. జాక్ వాకర్ అనే ఊరి ఉక్కు వ్యాపారి డబ్బు కుమ్మరిస్తే 1994-95లో ప్రీమియర్ లీగ్ కూడా కొట్టింది, ఆ సీజన్‌లో అలన్ షియరర్ ఒక్కడే 34 గోల్స్. అలాంటిది 2017 మేలో చివరి రోజు బ్రెంట్‌ఫర్డ్‌లో 3-1తో గెలిచి కూడా మూడో డివిజన్‌కు జారింది. నాటింగ్‌హామ్ ఫారెస్ట్‌కూ వీళ్ళకూ సమానంగా 51 పాయింట్లు, గోల్ తేడాలో (కొట్టినవాటిలోంచి ఇచ్చినవి తీసేస్తే వచ్చే లెక్క) రెండే రెండు గోల్స్ తక్కువ. ప్రీమియర్ లీగ్ గెలిచిన క్లబ్ మూడో డివిజన్‌కు పడిపోవడం అదే మొదటిసారి. గెలిచిన మ్యాచ్ తర్వాత ఏడవడం ఎలా ఉంటుందో ఆ ఊరివాళ్ళని అడగండి.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పాలి. క్లబ్ ఓనర్లు వెంకీస్. హైదరాబాద్ మనిషి బి.వి. రావు స్థాపించిన వెంకటేశ్వర హ్యాచరీస్ వాళ్ళది, ఇప్పుడు పుణె నుంచి నడుస్తుంది. రోజూ పేపర్లో చూసే నెక్ (జాతీయ గుడ్ల సమన్వయ సంఘం) గుడ్డు ధర ఉంది చూడండి, ఆ సంఘం పెట్టించింది కూడా ఆయనే. 2010 నవంబర్‌లో ఆయన పిల్లలు ఈ క్లబ్‌ను కొన్నారు, నెల తిరక్కుండానే మేనేజర్ సామ్ అలార్డైస్‌ను పీకేశారు, 2012లో జట్టు ప్రీమియర్ లీగ్ నుంచి దిగిపోయింది. దిగిపోయిన ఆ రాత్రి విగన్‌తో మ్యాచ్ నడుస్తుండగా ఎవరో అభిమాని రోవర్స్ జెండా చుట్టిన కోడిని గ్రౌండ్‌లోకి వదిలాడు. నేను రోవర్స్ స్టేడియం ఈవుడ్ పార్క్‌లో మొదటిసారి కూర్చున్నప్పుడు పక్క సీటు పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి అడిగిన మొదటి ప్రశ్న, "నువ్వు వాళ్ళ చుట్టానివా?" అని. కాదు, వాళ్ళ చికెన్ తిని పెరిగినవాణ్ణి అన్నాను. నవ్వాడు కానీ, ఆ తర్వాత పావుగంట సేపు ఓనర్లను తిట్టిన తిట్లన్నీ నాకే చెప్పుకున్నాడు, నేనేదో పుణెకు చేరవేస్తానన్నట్టు. నా మాటైతే, మొదట్లో వాళ్ళు ఫుట్‌బాల్ తెలియకుండా దిగి క్లబ్‌ను నాశనం చేశారన్నది నిజం, ఆ తర్వాత ఏటా నష్టాలు భరిస్తూ డబ్బు పంపుతూ వచ్చారన్నదీ నిజం. రెండోది చెబితే ఆ ఊళ్ళో వినేవాడు లేడు.

పుండు మీద కారంలా ఇంకోటి. పది మైళ్ళ అవతల ఉండే బర్న్‌లీ వీళ్ళకు బద్ధశత్రువు. సరిగ్గా ఆ సీజన్‌లోనే బర్న్‌లీ ప్రీమియర్ లీగ్‌లో 7వ స్థానంలో నిలిచి యూరప్ పోటీలకు వెళ్ళింది. మా ఆఫీసులో ఒక బర్న్‌లీ వీరాభిమాని ఉండేవాడు, సోమవారం పొద్దున వాడి మొహం చూడకుండా టీ తెచ్చుకోవడమే పెద్ద పని.

సీజన్ మొదలే దరిద్రంగా మొదలైంది. సౌత్‌ఎండ్‌లో 2-1తో ఓటమి, వారం తిరిగేసరికి సొంత గ్రౌండ్‌లో డాన్‌కాస్టర్ చేతిలో 3-1. చాలామంది ఇక ఇంకా కిందికే అనుకున్నారు. మేనేజర్ టోనీ మౌబ్రే గొంతు పెంచే రకం కాదు, నెమ్మదిగా చక్కబెట్టుకుంటూ వచ్చాడు. జిల్లింగ్‌హామ్ నుంచి తెచ్చిన బ్రాడ్లీ డాక్ మొదట్లో కాస్త బరువుగా కనిపించాడు, తర్వాత అతనే లీగ్‌లో 18 గోల్స్ కొట్టి ఆ డివిజన్‌కే ఉత్తమ ఆటగాడయ్యాడు. పరుగు పెద్దగా లేదు, బంతి ఎక్కడ పడుతుందో అందరికంటే ముందు తెలిసేది. కెప్టెన్ చార్లీ మల్‌గ్రూ డిఫెండర్ అయ్యుండి 14 గోల్స్ కొట్టాడు, ఫ్రీకిక్, పెనాల్టీ ఏదైనా అతని ఎడమ కాలికే. గోల్‌కీపర్ ఎవరనుకున్నారు, ఇప్పుడు ఆర్సెనల్‌లో ఉన్న డేవిడ్ రాయా. జనవరిలో న్యూకాసిల్ నుంచి ఆడమ్ ఆర్మ్‌స్ట్రాంగ్ లోన్ మీద వచ్చాక ముందువరుసకు వేగం కూడా వచ్చింది.

మీరు అడిగిన అసలు ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. కింది డివిజన్ అంటే సులువు అనుకుంటాం, కానీ పెద్ద పేరున్న క్లబ్‌కు అక్కడ గెలవడం తప్పనిసరి పని. ఈవుడ్‌కు వచ్చే ప్రతి చిన్న జట్టుకూ అది ఏడాదికే పెద్ద మ్యాచ్. పదిమందీ పెనాల్టీ బాక్స్ ముందు బారుగా నిలబడతారు, వాళ్ళ గోల్‌కీపర్ ఇరవయ్యో నిమిషం నుంచే బంతిని తుడుచుకుంటూ, సాక్సు సర్దుకుంటూ టైమ్ తినేస్తాడు. 31 వేల సీట్ల స్టేడియంలో సగం పైన ఖాళీ, కాబట్టి ఒక్కడు విసుక్కున్నా అందరికీ వినపడుతుంది. ఫిబ్రవరిలో మంగళవారం రాత్రి 7.45 మ్యాచ్‌కు వెళ్ళి చూడండి, ఫ్లడ్‌లైట్ల వెలుగులో వాన అడ్డంగా కొడుతుంటుంది, వేళ్ళు కొంకర్లు పోతాయి, చేతిలో 'పై' అనే మాంసం కూరిన వేడి పిండివంట, దాని మీది మూత కొరికితే లోపలి గ్రేవీ నాలుకను కాల్చి చొక్కా మీద పడుతుంది. పక్కాయన మాత్రం ఆట చూస్తూనే చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని విగన్ స్కోరు వింటుంటాడు.

విగన్ ఎందుకంటే, ఆ సీజన్ అంతా పోటీ వాళ్ళతోనే. 2012లో వీళ్ళను కిందికి దింపిన ఆ మ్యాచ్ గెలిచింది కూడా విగనే. రోవర్స్, విగన్, రాథర్‌హామ్ మూడూ ఒకేసారి చాంపియన్‌షిప్ నుంచి పడ్డాయి, మూడూ ఒకే ఏడాదిలో తిరిగి ఎక్కాయి. విగన్ మధ్యలో ఎఫ్‌ఏ కప్‌లో మాంచెస్టర్ సిటీని 1-0తో ఇంటికి పంపింది కూడా. కప్పు మ్యాచ్‌ల వల్ల వాళ్ళ లీగ్ మ్యాచ్‌లు వెనకబడి, మనం పైన ఉన్నా వాళ్ళకు ఇంకా ఆడాల్సినవి మిగిలి ఉండేవి, అందుకే రోజూ కూడికలు తీసివేతలు. అందరూ దిగిపోతుందనుకున్న ష్రూస్‌బరీ 87 పాయింట్లు తెచ్చుకుని కూడా 3వ స్థానమే, పైగా ప్లేఆఫ్ ఫైనల్లో ఓడింది. పాపం అనిపించింది.

బయటి మ్యాచ్‌లు నాకు ఇంకా ఇష్టం. రాచ్‌డేల్, బ్యూరీ, ఓల్డ్‌హామ్, బ్లాక్‌పూల్, ఫ్లీట్‌వుడ్, అన్నీ చుట్టుపక్కలే. ఫ్లీట్‌వుడ్‌లో సముద్రం గాలికి గోల్ కిక్ వెనక్కి తిరిగొస్తుందేమో అన్నట్టుంటుంది, నిలబడి చూసే టెర్రస్ నుంచి కార్నర్ తీసేవాడి బూటు మీది బురద కూడా కనిపిస్తుంది. బ్యూరీ ఆ ఏడు అట్టడుగున నిలిచింది, 2019లో అప్పుల గొడవతో లీగ్ నుంచే వెలివేశారు. నూట పాతికేళ్ళ పైబడిన క్లబ్. కింది డివిజన్‌లో ఓడిపోవడం కంటే ఇలాంటి భయమే ఎక్కువ.

ప్రమోషన్ ఖాయమైంది ఏప్రిల్ 24న, అదీ మంగళవారమే, అదీ డాన్‌కాస్టర్‌లోనే. టికెట్ దొరకలేదు. ఇక్కడో వింత ఉంది, ఆ ఏడాది లీగ్ కొత్తగా పెట్టిన ఐఫాలో సర్వీసులో విదేశాల్లో ఉన్నవాళ్ళకు లైవ్ వీడియో, ఇంగ్లండ్‌లో ఉన్నవాళ్ళకు వట్టి ఆడియో. కాబట్టి గ్రౌండ్‌కు దగ్గర్లో ఉన్న నేను రేడియో లాంకషైర్ వింటున్నాను, అర్ధరాత్రి దాటాక కూకట్‌పల్లిలో మేలుకుని కూర్చున్న మా తమ్ముడు వీడియో చూస్తున్నాడు. సెకండ్ హాఫ్ చివర్లో మల్‌గ్రూ గోల్ కొట్టినప్పుడు రేడియోలో అరుపే తప్ప ఎవరు కొట్టారో నాకు అర్థం కాలేదు. "అన్నా, మల్‌గ్రూ!" అని వాడి మెసేజ్ చూసి లేచాను. 1-0. చివరికి 96 పాయింట్లు, 46లో 6 ఓటములే, విగన్ 98తో మొదటి స్థానం.

ఆ సీజన్ తర్వాత జనం వెంకీస్‌ను క్షమించారా అంటే లేదు. కానీ ఓడీ ఓడీ గెలవడమే మరిచిన జట్టు వరసగా గెలుస్తుంటే, మానేసినవాళ్ళు కొందరు మళ్ళీ స్టాండ్‌లోకి వచ్చారు, మా పెద్దాయన మనవణ్ణి తీసుకురావడం మొదలుపెట్టాడు. టీవీలో మాంచెస్టర్ సిటీ ఆట వంద రెట్లు బాగుంటుంది, కాదనను, కానీ అక్కడ గెలిచినా ఓడినా నా పక్కింట్లో ఎవరికీ ఏమీ కాదు. బ్లాక్‌బర్న్‌లో శనివారం ఓడితే ఆదివారం కిరాణా షాపులో గుజరాతీ ఆయన కూడా మొహం మాడ్చుకునే ఉండేవాడు.

మీరు ఎప్పుడైనా వెళ్ళేదుంటే, ప్రెస్టన్ వైపు నుంచి వచ్చే రైలెక్కి మిల్ హిల్‌లో దిగితే గ్రౌండ్‌కు నడిచిపోవచ్చు. రివర్‌సైడ్ స్టాండ్‌లో టికెట్ తీసుకుంటే ముందు వరుసలు మాత్రం వద్దు, వాన వస్తే తడిసిపోతారు. పై కప్పు స్తంభాలు కూడా అడ్డొస్తాయి, సీటు చూసుకుని తీసుకోండి.