మాట మూలం: చెక్కుల వెనుక చదరంగం

ప్రశ్న: ‘ప్రత్యర్థికి చెక్ పెట్టారు’, ‘బిల్లు చెక్ చేయండి’, ‘చెక్కు రాసిచ్చారు’, ‘చెక్స్ చొక్కా’. వీటన్నిటిలోనూ ఉన్నది ఒకే ఇంగ్లీషు మాటా? వేర్వేరు మాటలు ఒకేలా వినిపిస్తున్నాయా?

జవాబు: ఒకే మాట. దాని పుట్టిల్లు చదరంగం బల్ల. పారసీకంలో ‘షా’ అంటే రాజు. ఎదుటివాడి రాజుకు ముప్పు తెచ్చే ఎత్తు వేసినప్పుడు ‘షా!’ అని హెచ్చరించేవారు. మన చతురంగం పారసీకంలో చత్రంగ్‌గా, అరబ్బీలో షత్రంజ్‌గా మారి యూరప్ చేరింది. దాంతోపాటు ఆ కేకా వెళ్ళింది. లాటిన్ వాళ్ళకు ‘ష’ ధ్వని లేదు కాబట్టి ‘స్క’ అన్నారు. పాత ఫ్రెంచిలో అది ‘ఎస్చెక్’ అయింది. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ముందున్న ‘ఎస్’ ఊడిపోయి ‘చెక్’ మిగిలింది. ఆట పేరైన ‘చెస్’ కూడా ఈ ఫ్రెంచి మాట బహువచనం నుంచి వచ్చిందే.

ఇక అర్థాలు ఎలా విస్తరించాయో చూద్దాం. చెక్ పడ్డాక ఆటగాడు తనకు తోచిన ఎత్తు వేయడానికి వీల్లేదు. రాజును జరపాలి, మధ్యలో ఏదైనా అడ్డం పెట్టాలి, లేదా దాడి చేసిన పావును చంపాలి. అప్పటిదాకా అతని పథకమంతా ఆగిపోవాల్సిందే. అందుకే 14వ శతాబ్దంలోనే ‘చెక్’కు ‘ఆపడం, నిలువరించడం’ అనే అర్థం వచ్చేసింది. తప్పు జరగకుండా నిలువరించాలంటే లెక్కను మరో లెక్కతో సరిపోల్చి చూడాలి కదా, అక్కడి నుంచి ‘సరిచూడడం’ అన్న అర్థం పుట్టింది. ఇది బాగా స్థిరపడింది 17వ శతాబ్దం చివరికి. మనం ఇవాళ మొదటి అర్థం అనుకునేది నిజానికి మనవడి వరుస.

గళ్ళ చొక్కాది ఇంకో దారి. అది కేక నుంచి కాదు, బల్ల మీది గళ్ళ నుంచి వచ్చింది.

ప్రశ్న: బ్రిటన్ ఆర్థికమంత్రిని ‘చాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్’ అంటారు. ఖజానాకూ చదరంగానికీ ఏం సంబంధం?

జవాబు: ఈ మాట చరిత్రలో అన్నిటికన్నా అందమైన ఘట్టం ఇదే. పాత ఫ్రెంచిలో ‘ఎస్చెకియే’ అంటే చదరంగం బల్ల. 12వ శతాబ్దపు ఇంగ్లండులో రాజు ఖజానా అధికారులు లెక్క తేల్చడానికి అలాంటి బల్ల చుట్టూనే కూర్చునేవారు. ఖజానాధికారి రిచర్డ్ ఫిట్జ్‌నీల్ 1170లలో దాని కొలతలు రాసిపెట్టాడు. పొడవు సుమారు 10 అడుగులు, వెడల్పు 5 అడుగులు, లెక్కకు పేర్చే బిళ్ళలు జారిపోకుండా చుట్టూ నాలుగు వేళ్ళ ఎత్తు అంచు. పైన గీతలు గీసిన నల్లగుడ్డ.

రోమన్ అంకెలతో కూడికలు, తీసివేతలు నరకం. స్థానవిలువ ఉండదు, సున్నా ఉండదు. గుడ్డ మీది నిలువు వరసలు ఆ స్థానవిలువను ఇచ్చాయి. కుడివైపు నుంచి పెన్నీలు, షిల్లింగులు, పౌండ్లు, ఇరవై పౌండ్ల కట్టలు, వందలు, వేలు. 12 పెన్నీలు ఒక షిల్లింగు, 20 షిల్లింగులు ఒక పౌండు. కాబట్టి పెన్నీల వరసలో 11కు, షిల్లింగుల వరసలో 19కి మించి ఉండకూడదు. నిండితే వాటిని తీసేసి ఎడమవైపు వరసలో ఒకటి పెట్టాలి.

ఉదాహరణకు 146 పౌండ్ల 13 షిల్లింగుల 4 పెన్నీలు వేయాలనుకోండి. వందల్లో 1, ఇరవైల్లో 2, పౌండ్లలో 6, షిల్లింగుల్లో 13, పెన్నీల్లో 4, మొత్తం 26 బిళ్ళలు. జిల్లా అధికారి కట్టాల్సిన మొత్తం పై వరసలో, కట్టిన మొత్తం కింది వరసలో పేర్చేవారు. కింద ఎన్ని ఉంటే పై నుంచి అన్ని తీసేయాలి. పైన మిగిలిందే బాకీ. చదువురానివాడు కూడా ఎదురుగా నిలబడి తన బాకీ కళ్ళారా చూసుకోవచ్చు. ఈ పారదర్శకతే నాకు ఆ బల్లలో ఎక్కువగా నచ్చేది.

‘ఎక్స్‌చెకర్’లోని ఎక్స్ మాత్రం పొరపాటున చేరింది. ఫ్రెంచి ‘ఎస్’ లాటిన్ ‘ఎక్స్’ నుంచే వచ్చి ఉంటుందని తరవాతి లేఖకులు అనుకుని ‘సరిదిద్దారు’.

ప్రశ్న: ఆ ఖజానాలో రసీదులుగా గాట్లు పెట్టిన చెక్కముక్కలు ఇచ్చేవారని విన్నాను. మన ‘చెక్క’, ‘చెక్కడం’ నుంచే బ్యాంకు చెక్కు వచ్చిందంటారా?

జవాబు: రాలేదు. చెక్కడం, చెక్క అచ్చ తెలుగు మాటలు. బ్యాంకు చెక్కు ఇంగ్లీషు మాటకు మనం ఉకారం చేర్చుకున్న రూపం. రెండు మాటలు ఒకేలా వినిపించినంత మాత్రాన చుట్టరికం ఉన్నట్టు కాదు. పాత రూపాలు దొరకాలి, ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్ళిన దారి కనిపించాలి. ఇక్కడ ఆ దారి పారసీకానికి పోతోంది.

గాట్ల చెక్కలు మాత్రం నిజమే. వెయ్యి పౌండ్లకు అరచేయి మందం గాటు, వందకు బొటనవేలంత, ఇరవైకి చిటికెనవేలంత, ఒక పౌండుకు బార్లీ గింజంత. గాట్లు పెట్టాక చెక్కను నిలువునా చీల్చి, కట్టినవారికి ఒక సగం, ఖజానాకు ఒక సగం ఉంచేవారు. తరవాత రెండూ కలిపితే గాట్లు అతకాలి. ఒకరు దొంగతనంగా ఇంకో గాటు పెడితే అక్కడే దొరికిపోతారు. ఈ పద్ధతి 1826 దాకా నడిచింది. పాత చెక్కలను 1834 అక్టోబర్ 16న పార్లమెంటు భవనం పొయ్యిల్లో కాలుస్తుంటే మంటలు చెలరేగి భవనంలో చాలా భాగం బూడిదైపోయింది.

ప్రశ్న: బ్యాంకు చెక్కు అరబ్బీ ‘సక్’ నుంచి వచ్చిందని చదివాను. నిజమేనా?

జవాబు: మధ్యయుగాల అరబ్బు వర్తకులు ‘సక్’ అనే చెల్లింపు పత్రాలు వాడారు, అంతవరకు నిజం. ఇంగ్లీషు మాటకు అది మూలమనడానికి మాత్రం ఆధారాలు సరిపోవు. 18వ శతాబ్దం తొలినాళ్ళలో ఇంగ్లీషు ‘చెక్’ అంటే పత్రం కాదు, పత్రం చింపి ఇచ్చాక మన దగ్గర మిగిలే ముక్క, అంటే కౌంటర్‌ఫాయిల్. దాంతో సరిపోల్చి నకిలీని పట్టుకోవచ్చు కాబట్టి ఆ పేరు. ఆ పేరే క్రమంగా అసలు పత్రానికి పాకింది.

స్పెల్లింగు తేడా కూడా ఇక్కడిదే. బ్రిటిష్ వాళ్ళు బ్యాంకు పత్రానికి మాత్రం చివర క్యూ-యు-ఇ రాస్తారు, ‘ఎక్స్‌చెకర్’ ప్రభావంతో. అమెరికన్లు సి-కె తోనే సరిపెట్టారు. ‘సరిచూడు’ అనే క్రియకు ఎక్కడైనా సి-కె మాత్రమే.

ప్రశ్న: అనువాదంలో ఎప్పుడు ‘పరిశీలించు’, ఎప్పుడు ‘అరికట్టు’?

జవాబు: ఆ క్రియ దేని మీద పనిచేస్తోందో చూడండి. కదిలేది, పెరిగేది అయితే (వరద, శత్రుసేన, కోపం, వ్యాధి) దాదాపు ఎప్పుడూ ‘అరికట్టు’. స్థిరంగా ఉన్నది అయితే (జాబితా, బిల్లు, తాళం) ‘సరిచూడు’. చెక్ డ్యామ్ నీళ్ళను పరీక్షించదు, ప్రవాహాన్ని నిలువరిస్తుంది. ‘అన్‌చెక్డ్’ దగ్గరే ఎక్కువ తప్పులు జరుగుతాయి. పెరుగుదల పక్కన ఉంటే ‘అడ్డూ అదుపూ లేని’, దరఖాస్తులోని గడి పక్కన ఉంటే ‘టిక్ పెట్టని’. అమెరికన్ భోజనశాలలో చివర్లో అడిగే ‘చెక్’ కేవలం బిల్లు.

ప్రశ్న: మరి చెక్ రిపబ్లిక్?

జవాబు: దానికీ దీనికీ సంబంధం లేదు. అది అక్కడి స్లావ్ జాతి పేరు.