సొంత ఛాసిస్ కట్టుకునేవారి ప్రశ్నలు

ప్రశ్న: పాత మారుతి ఓమ్ని ఇంజన్, గేర్‌బాక్స్, వెనుక యాక్సిల్ తీసుకొని లోటస్ సెవెన్ అనే తేలికపాటి బ్రిటిష్ స్పోర్ట్స్ కారు తరహాలో ఇద్దరు కూర్చునే చిన్న కారు కట్టాలని నా కోరిక. ఇదే సరదా ఉన్న మిత్రులలో ఒకరు 3 మి.మీ. మందం పైపు వాడమన్నారు, మరొకరు క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిసిన ఉక్కు) పైపు తెప్పించమన్నారు. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే మేస్త్రీ రెండు ఛానెళ్లు పరిచి మధ్యలో అడ్డపట్టీలు వేస్తే సరిపోతుందన్నారు. ఎవరి మాట వినాలి? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: ముందుగా, ఓమ్నిని ఎంచుకోవడం మంచి ఆలోచన. మారుతి 800లోనూ 796 సి.సి. ఇంజనే ఉన్నా అది అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది. ఓమ్నిలో నిలువుగా కూర్చుని వెనుక చక్రాలను తిప్పుతుంది కనుక సెవెన్ అమరికకు సరిపోతుంది.

ఇక మీ సలహాదారుల మాట. ముగ్గురూ విరగకుండా ఉండే బలం గురించి చెప్పారు. మీ కారుకు అంతకంటే ముందు కావలసింది మెలి తిరగకుండా నిలిచే బిగువు. ఒక ముందు చక్రం గుంతలో దిగినప్పుడు ఛాసిస్సే మెలి తిరిగితే, మీరు ఎంత ఖరీదైన స్ప్రింగులు వేసినా అవి తమ పని చేయలేవు. మేస్త్రీగారు చెప్పిన నిచ్చెన ఛాసిస్ లారీకి తగినదే, ఎందుకంటే ఎగుడుదిగుడు దారిలో లారీ ఫ్రేము కొంత మెలి తిరగాలనే దాన్ని అలా కడతారు. ఆ గుణమే మీ చిన్న కారుకు దోషమవుతుంది.

మన ఊళ్లలో దొడ్డిగేటు చేసేటప్పుడు నాలుగు పట్టీలు చతురస్రంగా అతికి వదిలేస్తే నెల తిరగకుండా గేటు వాలిపోతుంది, కర్ణంగా, అంటే మూల నుంచి ఎదురు మూలకు, ఒక పట్టీ పడితే నిలబడుతుంది. ఛాసిస్‌కూ ఇదే సూత్రం. 1957లో వచ్చిన సెవెన్ సన్నని పైపులతోనే తేలికగా నిలిచింది. దాని పద్ధతిలో ఔత్సాహికులు ఇంట్లో కట్టుకునే ఛాసిస్‌లకు సాధారణంగా 25 మి.మీ. చదరపు పైపు, 1.6 మి.మీ. మందంది వాడతారు. అదే మీకూ చాలు. అయితే పక్కగోడల్లోనూ, ఇంజన్ గదిలోనూ, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్‌బాక్స్ నుంచి వెనుక యాక్సిల్‌ను తిప్పే కడ్డీ) వెళ్లే సొరంగంలోనూ కర్ణం లేని గడి మిగలకూడదు. మనుషులు కూర్చునే చోట పైకప్పు ఉండదు కాబట్టి అక్కడి లోటును ఆ సొరంగమే తీర్చాలి. సస్పెన్షన్ బ్రాకెట్లు పైపు నడిమధ్యన కాకుండా పైపులు కలిసే ముడుల దగ్గర వచ్చేలా చూసుకోండి. అందుకే చక్రాలు, సస్పెన్షన్ బిందువుల కొలతలు ముందు ఖాయం చేసుకొని, ఆ తరువాతే పైపుల గీతలు గీయాలి.

కట్టాక కొలిచి చూడండి. వెనుక సస్పెన్షన్ బిందువులను నేలకు బిగించి, ముందు భాగాన్ని మధ్యలో ఒక గుండ్రని కడ్డీ మీద ఆనించి, అడ్డంగా కట్టిన దూలానికి మధ్యనుంచి మీటరు దూరంలో 50 కిలోల బరువు వేలాడదీస్తే మెలి బలం సుమారు 490 న్యూటన్ మీటర్లవుతుంది. మధ్యనుంచి 600 మి.మీ. దూరంలో, ఫ్రేము మీదే ఆనించిన డయల్ గేజ్ (సన్నని కదలికను ముల్లుతో చూపే కొలత పరికరం) 5.2 మి.మీ. కదిలితే అర డిగ్రీ తిరిగినట్టు, అంటే డిగ్రీకి సుమారు 980 న్యూటన్ మీటర్ల బిగువు. అంకె ఎంత వచ్చిందన్న దిగులు పెట్టుకోకుండా, ఒక కర్ణం పైపును టాక్ వేసి (చిన్న తాత్కాలిక అతుకుతో నిలిపి) మళ్లీ కొలవండి. ఏ పైపు పని చేస్తున్నదో, ఏది ఊరికే బరువో వెంటనే తెలుస్తుంది.

ఇంకొక మాట పైపులు కొనకముందే తెలియాలి. బ్రిటన్‌లో ఇలాంటి ఒక్క కారును కూడా పరీక్షించి రోడ్డుకు అనుమతించే ఏర్పాటు ఉంది. మన దేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే స్పష్టం చేసింది. ఓమ్ని పత్రాలతో ఈ కారు రోడ్డెక్కదు. ప్రైవేటు స్థలానికో, ట్రాక్‌కో అనుకొని కట్టండి.

ప్రశ్న: బాహా అనే విద్యార్థుల పోటీకి మా కళాశాల కడుతున్న ఎగుడుదిగుడు నేల బగ్గీకి క్రోమోలీ వాడితే ఫ్రేము మరింత బిగువుగా ఉంటుందని సీనియర్లు అంటున్నారు. నిజమేనా? (ఇంజనీరింగ్ విద్యార్థులు, వరంగల్)

జవాబు: కాదు. క్రోమోలీ మామూలు ఉక్కుకంటే ఎక్కువ భారానికి గాని శాశ్వతంగా వంగదు, అది నిజమే. కానీ భారం పడినప్పుడు ఎంత సాగుతుందో చెప్పే గుణంలో (యంగ్ గుణకం) రెండింటికీ దాదాపు తేడా లేదు. మీ పోటీ నియమావళే వంపు లెక్కల్లో ఉక్కులన్నింటికీ ఆ గుణకం 205 గిగాపాస్కల్స్ అనే వేసుకోమంటుంది. బిగువు కావాలంటే వ్యాసం పెంచాలి: 1.6 మి.మీ. మందం అలాగే ఉంచి వ్యాసాన్ని 25 నుంచి 38 మి.మీ.కు పెంచితే బరువు ఒకటిన్నర రెట్లు దాటుతుంది, వంగకుండా నిలిచే గుణం మూడున్నర రెట్లు దాటుతుంది. అయితే రోల్ కేజ్ (బగ్గీ బోల్తా పడితే డ్రైవరును కాపాడే పైపుల పంజరం)లోని ప్రధాన పైపుల విషయంలో నియమావళి చెప్పిన కనీస కొలతల నుంచి పక్కకు జరగకండి.

ప్రశ్న: వెల్డింగ్ పూర్తయ్యాక ఫ్రేము ఒక మూల 8 మి.మీ. లేచింది. సుత్తితో సరిచేయవచ్చా? (ఒక పాఠకుడు, గాజువాక)

జవాబు: వద్దు. వెల్డు చల్లారేటప్పుడు ముడుచుకొని పైపును తనవైపు లాగుతుంది, మీరు ఒక వైపు అంతా పూర్తి చేసి రెండో వైపుకు వెళ్లి ఉంటారు. లేచిన మూలకు దగ్గరి జాయింట్లను కటింగ్ వీల్‌తో కోసి, ఫ్రేమును బల్లకు క్లాంపులతో బిగించి, రసమట్టంతోనూ కర్ణాల కొలతలతోనూ సరిచూసి మళ్లీ టాకులు వేయండి. తరువాత ఒక జాయింట్ పూర్తి చేసి, దానికి ఎదురు మూలకు వెళ్లండి. 1.6 మి.మీ. పైపును మామూలు ఆర్క్ రాడ్డుతో అతికితే కన్నాలు పడతాయి, 0.8 మి.మీ. తీగతో సీఓటూ వెల్డింగ్ (కార్బన్ డయాక్సైడ్ వాయువు రక్షణలో తీగను కరిగించి అతికే పద్ధతి) చేయించండి. సస్పెన్షన్ బ్రాకెట్లను అన్నిటికంటే చివర, ఒకే వరుసలోని బోల్టు రంధ్రాలన్నింటి గుండా తిన్నని పొడవాటి కడ్డీ దూర్చి ఉంచి అతకాలి. చల్లారాక ఆ కడ్డీ చేత్తో లాగితే జారి రావాలి.