ఊరికే లాక్కుంటే పోయేదిగా అన్నవారికి

"విదేశీ చమురు కంపెనీల ఆస్తుల్ని జాతీయం చేసినప్పుడు పరిహారం బేరాలెందుకు? ఊరికే లాక్కుంటే పోయేదిగా?" అని అడిగారు. మాది విశాఖ మల్కాపురం. మా నాన్న 1957లో, విదేశీ కంపెనీ కాల్టెక్స్ వారి రిఫైనరీ (ముడిచమురు శుద్ధి చేసే ఫ్యాక్టరీ) మొదలైన ఏడే, అందులో ఫిట్టరుగా చేరాడు. అందుకే ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

1974లో ప్రభుత్వం ఎస్సో అనే మరో విదేశీ చమురు కంపెనీలో 74 శాతం వాటా తీసుకుంది. 1976 జనవరిలో బర్మా షెల్ వంతు వచ్చింది. ఇక మిగిలింది మన కాల్టెక్సే అని మా వీధంతా అనుకునేవారు. నాకప్పుడు పదకొండేళ్ళు. ఒక రాత్రి నాన్న బీ షిఫ్టు దిగి వచ్చాడు. అన్నానికి కూర్చోకుండా మంచం కింది ట్రంకు పెట్టె లాగి, ఉద్యోగంలో చేరినప్పుడిచ్చిన కాగితం తీసి, బల్బు కింద నిలబడి చదువుతున్నాడు. గుమ్మంలో కూచున్న నాన్నమ్మ ఒకటే గోల. "దొరలెళ్ళిపోతే నీ జీతం ఎవుడిస్తాడ్రా? పంతొమ్మిదేళ్ళ పియ్యెఫ్ ఏటవుద్ది?" "గవర్నమెంటు మాట్లాడతందమ్మా" అన్నాడు నాన్న. అంతకుమించి ఆయనకూ తెలీదు. అమ్మ ఆ రాత్రి పులుసు రెండుసార్లు వెచ్చబెట్టింది.

ఆ మాట్లాడ్డం ఎంత పెద్ద పనో నాకు చాలా ఏళ్ళకు అర్థమైంది. 1950ల్లో ఈ రిఫైనరీలు పెట్టించేటప్పుడు పాతికేళ్ళ దాకా జాతీయం చేయమని మన ప్రభుత్వమే రాసిచ్చింది. రాసిచ్చిన చేత్తోనే గేటుకు తాళం వేస్తే మర్నాడు ముడిచమురు ఎవరమ్ముతారు? అందుకే కూర్చుని ధర తేల్చుకున్నారు. ఎస్సోలో మిగిలిన 26 శాతం 1976లో వచ్చింది. కాల్టెక్స్ ఆ డిసెంబరు 30న మన చేతికొచ్చింది. మరుసటేడు పార్లమెంటు చట్టం చేసింది. బ్యాంకుల జాతీయకరణ అందరికీ తెలుసు, ఈ కథ మాత్రం మా పిల్లల పాఠాల్లో ఒక్క వాక్యం లేదు. నాకది పెద్ద బాధ.

ముందు తీసేసుకుని తర్వాత లెక్కలు చూసుకున్న దేశాలూ ఉన్నాయి. 1938 మార్చి 18న మెక్సికో అధ్యక్షుడు కార్దెనాస్ విదేశీ చమురు కంపెనీల ఆస్తుల్ని తీసేసుకున్నాడు. అది న్యాయమే. కార్మికుల జీతాలపై సుప్రీంకోర్టు తీర్పునే ఆ కంపెనీలు లెక్కచేయలేదు. పరిహారం నిధికి ఆడవాళ్ళు నగలూ, కోళ్ళూ తెచ్చిచ్చారు. అయినా బ్రిటన్‌తో దౌత్య సంబంధాలు తెగాయి. అమెరికా కంపెనీల లెక్క తేల్చడానికి రెండు ప్రభుత్వాలూ చెరో నిపుణుణ్ణి పెడితే, 1942లో దాదాపు 2.4 కోట్ల డాలర్లకు తెగింది. బ్రిటిష్ కంపెనీతో ఒప్పందానికి 1947 దాకా పట్టింది, వాయిదాలు 1962 దాకా కట్టారు. ఇరాన్‌కు ఇంకా అన్యాయం జరిగింది. బ్రిటిష్ కంపెనీ చేతిలోని చమురును జాతీయం చేసిన ప్రధాని మొసద్దెఘ్‌ను, చర్చలు విఫలమై 1953లో కూలదోశారు. మరుసటేడు 2.5 కోట్ల పౌండ్ల పరిహారానికి ఒప్పుకుని, ఆ పాత కంపెనీకే కొత్త కన్సార్షియంలో (విదేశీ కంపెనీల కూటమిలో) 40 శాతం ఇవ్వాల్సి వచ్చింది.

రచ్చ లేకుండా తేల్చుకున్నందుకే మల్కాపురంలో ఒక్క పొయ్యీ ఆరలేదని నా గట్టి నమ్మకం. ఉద్యోగుల సర్వీసు తెగకుండా కొనసాగింది. 1993లో నాన్న రిటైరైన రోజు ఇచ్చిన కాగితం మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. అందులో చేరిన సంవత్సరం 1957 అనే ఉంది.