యాభై దాటాక కొండలెక్కిన షావుకారు

ప్రశ్న: నమస్తే సార్. మాది నెల్లూరు జిల్లా, మల్లి మస్తాన్‌బాబు గారి జిల్లానే. ఆయన 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలన్నీ ఎక్కేశారని మా పిల్లలకి చెప్తుంటాను. మొన్న మా పెద్దాడు, ఈ ఏడూ మొదట ఎక్కిందెవరు నాన్నా అన్నాడు. ఎవరో అమెరికా ఆయిల్ వ్యాపారి అంట కదా, ఆయన ఇంకా ఉన్నారా?

జవాబు: లేరండీ. పేరు డిక్ బాస్, 2015 జులై 26న పోయారు, 85 ఏళ్లు. మన మస్తాన్‌బాబు కూడా అదే ఏడాది మార్చిలో ఆండీస్ కొండల్లో పోయారు, ఆయనకి 40 ఏళ్లే, తల్చుకుంటే ఇప్పటికీ మనసు అదోలా అయిపోతుంది.

బాస్ పుట్టింది 1929లో ఓక్లహోమాలో, పెరిగింది టెక్సస్‌లో. ఆయిల్, గ్యాస్ కుటుంబం, యేల్ యూనివర్సిటీలో జియాలజీ చదివి నేవీలో చేసి వచ్చి వ్యాపారం చూసుకున్నాడు. 1971లో యూటా కొండల్లో స్నోబర్డ్ అని స్కీ రిసార్ట్ ఒకటి తెరిచాడు, దాని అప్పులు తీర్చడానికే ఏళ్లు పట్టింది పాపం. మనిషి మాటకారి, నోరు తెరిస్తే ఆగడు. తాను అలాస్కాలో మెకిన్లీ (ఉత్తర అమెరికాలో ఎత్తైన శిఖరం, డెనాలీ అని కూడా అంటారు) ఎక్కుతానంటే, స్నోబర్డ్‌లో పనిచేసే మార్టీ హోయ్ అనే గైడ్ అమ్మాయి, కబుర్లతో ఎక్కే కొండ కాదది అని మొహం మీదే అనేసిందట. ఆ పంతంతోనే 1981లో ఎక్కేశాడు, అప్పటికి 50 దాటాయి.

తర్వాత ఫ్రాంక్ వెల్స్ అని హాలీవుడ్ పెద్దమనిషి తోడయ్యాడు. ఇద్దరూ 1983 ఒక్క ఏడాదిలోనే ఆరు శిఖరాలు కొట్టేశారు, ఎవరెస్టు ఒక్కటే మిగిలింది. అంటార్కిటికాలో విన్సన్ శిఖరానికి వెళ్లడానికి పాత డిసి-3 విమానాన్ని మార్పించుకుని దాంట్లో వెళ్లారు. ఆ విమానంలో బాస్‌తో పాటు బ్రిటన్ పర్వతారోహకుడు క్రిస్ బోనింగ్టన్, జపాన్ స్కీయర్ మియురా కూడా ఉన్నారు. చిత్రం ఏంటంటే ముగ్గురూ తర్వాత ఎవరెస్టు మీద పెద్ద వయసు రికార్డులు పెట్టినవాళ్లే. 1985 ఏప్రిల్ 21న బోనింగ్టన్ 50 ఏళ్లకి ఎక్కి రికార్డు కొట్టాడు, తొమ్మిది రోజులే నిలిచింది, 30న మన బాస్ 55 ఏళ్లకి ఎక్కేశాడు. ఏడూ పూర్తి! మియురా అయితే 2013లో 80 ఏళ్లకి ఎక్కాడు, ఆయన సంగతి ఇంకోసారి.

డబ్బున్నోడు గైడ్లని పెట్టుకుని ఎక్కాడు, తర్వాత ఎవరెస్టు మీద ఆ జాతర మొదలవడానికి ఈయనే కారణం అని తిట్టేవాళ్లున్నారు, అందులో నిజం లేకపోలేదు. ఈ ఏడు శిఖరాల లిస్టు మీదా గొడవే, ఆస్ట్రేలియాలో కోసియస్కో 2,228 మీటర్లే, దాదాపు నడిచి వెళ్లిపోవచ్చు, నా మోకాళ్లకైతే అలిపిరి మెట్లే అంతకన్నా కష్టం. కానీ నా లెక్క వేరు. డబ్బు పెడితే పర్మిషన్ వస్తుంది, షెర్పా వస్తాడు, ఆక్సిజన్ వస్తుంది, ఆ ఆఖరి మెట్టు మీద కాలు మాత్రం ఎవడిది వాడే తీసి వెయ్యాలి కదా.

ప్రశ్న: నలుగురు పిల్లల తండ్రి అని చదివాను. ఇంట్లో పెళ్లాం పిల్లల్ని పెట్టుకుని ఈ ప్రాణాలతో చెలగాటం ఏంటండీ? మా ఆయన ట్రెక్కింగ్ అంటేనే నాకు నిద్ర పట్టదు. – ఓ సోదరి, విజయవాడ

జవాబు: అమ్మా, మీ భయాన్ని తీసిపారెయ్యను. పైన చెప్పిన మార్టీ హోయ్ 1982లో బాస్ ఉన్న ఎవరెస్టు టీమ్‌లోనే వెళ్లింది, నడుం పట్టీ ఊడి జారిపోయింది, పట్టీ తాడుకే వేలాడుతూ ఉండిపోయింది, ఆమె మళ్లీ కనపడలేదు. వెల్స్ డిస్నీకి ప్రెసిడెంట్ అయ్యాడు, 1994లో స్కీయింగ్‌కి వెళ్లి వస్తూ హెలికాప్టర్ ప్రమాదంలో పోయాడు. బాస్‌కి మాత్రం అదృష్టం కూడా కలిసొచ్చింది, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. మీ ఆయన్ని ఆపమని చెప్పను గానీ ఎవరితో వెళ్తున్నారు, ఎప్పుడొస్తారు అన్నది గట్టిగా అడగండి.

బాస్ నోటి గురించి అన్నాను కదా, అందరూ చెప్పుకునే ముచ్చట ఒకటుంది. విమానంలో పక్క సీటాయనకి దారి పొడుగునా తన కొండల కథలే చెప్పాడట, ఆయన ఓపిగ్గా ఊ కొట్టాడట. దిగే ముందు గుర్తొచ్చి, అన్నట్టు మీ పేరేంటో అడగనే లేదు అన్నాడట.

నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అన్నాడట ఆయన.