వరంగల్‌కు మారే ముందు మీ ఉద్యోగం మాట తేలాలి

ప్రశ్న: పెళ్లయినప్పటి నుంచి హైదరాబాద్‌లో, నిజాంపేటలో ఉంటున్నాం. నేను ఒక డయాగ్నస్టిక్ సెంటర్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ను. పాప మూడో తరగతి చదువుతోంది. మా వారు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వాళ్ల కంపెనీకి వరంగల్ దగ్గరి మడికొండలోనూ ఆఫీసు ఉండటంతో అక్కడికి మారతానని ఒప్పుకొని, ఆ తర్వాత నాకు చెప్పారు. అత్తమ్మ, మామయ్య పరకాలలో ఉంటారు. నిరుడు మామయ్యకు గుండెకు స్టెంట్ వేశారు. ఈయన ఒక్కడే కొడుకు. అందరం పరకాలలోనే కలిసి ఉందామని, నేను ఉద్యోగం మానేసినా పరవాలేదని అంటున్నారు. ఫ్లాట్ లోన్ కిస్తీలో సగం నా జీతం నుంచే వెళ్తోంది. మా అమ్మానాన్నలది జనగామ. వద్దంటే అత్తమామలను చూడని కోడలినవుతాను, సరేనంటే తొమ్మిదేళ్ల ఉద్యోగం పోతుంది. ఏం చేయాలి?
- ఒక సోదరి, నిజాంపేట

సమాధానం: మీ ఉత్తరంలో వరంగల్ మీద ఒక్క ఫిర్యాదు కూడా లేదు. ఊరు మారడం కంటే, ఆ నిర్ణయం మీకు తెలిసిన తీరే మిమ్మల్ని ఎక్కువగా బాధపెట్టిందని అర్థమవుతోంది. అన్నీ ఖాయమయ్యాక భార్యకు చెప్పడం తప్పే. ఆ మాట ఆయనకు నేరుగా, కోపం లేని వేళ చూసి చెప్పండి. అయితే ఆయన వైపు న్యాయం లేదని మాత్రం అనలేను. తండ్రి గుండెకు స్టెంట్ పడ్డాక, దూరాన ఉన్న ఒక్కగానొక్క కొడుక్కి రాత్రి పూట ఫోన్ మోగినా గుండె జారుతుంది. ఆ భయంలో ఆయన తొందరపడ్డారు.

ఆ తొందరలో మూడు నిర్ణయాలను ఒకే మాటగా కలిపేశారు: ఆఫీసు మడికొండకు మారడం, కాపురం పరకాలలో పెట్టడం, మీరు ఉద్యోగం మానేయడం. మొదటిదానికి మీరు తలూపితే మిగతా రెండూ వాటంతటవే జరిగిపోతాయని ఆయన అనుకుంటున్నారు. మొదటిదాన్నే కాదంటే తప్ప మిగతా రెండింటినీ ఆపలేనని మీరు భయపడుతున్నారు. నా సలహా, మొదటిదానికి ఒప్పుకోండి, రెండోదాన్ని మార్చండి, మూడోదాన్ని మాత్రం ససేమిరా ఒప్పుకోకండి.

వరంగల్ వెళ్లడమంటే వెనక్కి వెళ్లడమని చుట్టాలు ఎవరైనా అంటే పట్టించుకోనవసరం లేదు. నేటి ఎన్ఐటీ, కాకతీయ మెడికల్ కాలేజీ రెండూ 1959లో అక్కడ మొదలయ్యాయి. 1976లో విశ్వవిద్యాలయం వచ్చింది. మడికొండ ఐటీ పార్కులో 2020 జనవరి నుంచి పెద్ద కంపెనీలు పనిచేస్తున్నాయి. పాప చదువుకు అక్కడ లోటేమీ ఉండదు. పైగా నిజాంపేట కంటే హనుమకొండే జనగామకు దగ్గర. పెద్దవాళ్లను చూసుకోవడమంటే అందులో మీ అమ్మానాన్నలు కూడా ఉంటారన్న సంగతి ఈ చర్చలో ఇంతవరకు ఎవరూ ఎత్తినట్టు లేదు. మీరైనా ఎత్తండి.

పరకాలలో కాపురం మాత్రం మీ ముగ్గురికీ కష్టమే. పరకాల హనుమకొండకు ఒక వైపు, 30 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. మడికొండ కాజీపేట దాటాక హైదరాబాద్ రోడ్డు మీద ఉంది. అంటే మీ వారు రోజూ ఊరంతా దాటి అవతలి కొసకు వెళ్లి రావాలి. నెల తిరక్కుండానే ఆయన ఇంటికి రాత్రి భోజనానికి మాత్రమే వచ్చే మనిషవుతారు, అత్తమామల బాధ్యత మొత్తం మీ ఒక్కరి మీద పడుతుంది. అందువల్ల ఇల్లు హనుమకొండలోనో కాజీపేటలోనో అద్దెకు తీసుకోండి. మామయ్య గారిని గుండె డాక్టరుకు చూపించాలన్నా ఎలాగూ హనుమకొండకే రావాలి; అలా వచ్చినప్పుడు నాలుగు రోజులు మీ ఇంట్లో ఉండేలా వారికి ఒక గది ఉంచండి. ఇల్లు చూసేటప్పుడు ఇంకో జాగ్రత్త అవసరం. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో నయీంనగర్ నాలా పొంగి చుట్టుపక్కల కాలనీలు మునిగాయి. ఓనరు చెప్పిన మాటతో సరిపెట్టుకోకుండా, పక్కింటి కాంపౌండు గోడ మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూసి, ఆ వీధి కిరాణా కొట్టాయనను అడగండి.

ఇక మీ ఉద్యోగం. మీరు మానేస్తే పరవాలేదని ఆయన అనడం మీకు విశ్రాంతినివ్వాలన్న ప్రేమతోనే కావచ్చు. కానీ ఊరు మారినంత మాత్రాన బ్యాంకు కిస్తీ తగ్గదు, ఆ సగం ఎక్కడి నుంచి వస్తుందో ఆయన చెప్పలేదు. వచ్చే ఆదివారం ఇద్దరూ కూర్చొని కిస్తీ, అద్దె, పాప ఫీజు, మామయ్య గారి మందులు ఒక కాగితం మీద రాయండి. ఫ్లాట్‌ను అద్దెకిచ్చి కొత్త అద్దె కొంత సర్దుకున్నా, మీ జీతం లేని లోటు అందులో స్పష్టంగా కనబడుతుంది. నిజాంపేట ఫ్లాట్‌ను మాత్రం ఇప్పట్లో అమ్మకండి. మీ పని తెలిసినవారికి వరంగల్‌లో అవకాశాలు తక్కువేమీ కావు. ఎంజీఎం ఆస్పత్రి చుట్టూ, నక్కలగుట్టలో, హంటర్ రోడ్డులో ప్రైవేటు ఆస్పత్రులు, ల్యాబులు చాలా ఉన్నాయి. జీతం హైదరాబాద్ కంటే తక్కువ కావచ్చు, ఆ తేడాను కూడా అదే కాగితం మీద రాసుకోండి. సర్టిఫికెట్లు, అనుభవ పత్రం సిద్ధం చేసుకొని ఇప్పటి నుంచే దరఖాస్తులు పెట్టండి. చేతికి నియామక ఉత్తరం వచ్చేదాకా ఇక్కడ రాజీనామా ఇవ్వకండి.

ఏప్రిల్ నెలాఖరున బడులకు సెలవులిచ్చేదాకా మీరు, పాప నిజాంపేటలోనే ఉండండి. ఆయన ముందుగా వెళ్లి కాజీపేటలో ఒక గది తీసుకొని, సెలవు రోజుల్లో ఒక వారం పరకాలకు, ఒక వారం మీ దగ్గరకు రావచ్చు. కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు రైలులో సుమారు రెండు గంటల ప్రయాణం. నిర్ణయం ఆయనది కాబట్టి మొదటి కొన్ని నెలల శ్రమ కూడా ఆయన పడటం న్యాయం. పాపను జూన్‌లో బడులు తెరిచేనాటికి అక్కడ చేర్పించవచ్చు. అప్పటికి మీకు ఉద్యోగం దొరకకపోతే ఈ ఏర్పాటును మరికొన్ని నెలలు పొడిగించుకోండి.

వేరుగా హనుమకొండలో ఉంటామన్న మాటను అత్తమ్మ గారికి, మామయ్య గారికి మీ వారే చెప్పాలి. చెప్పేటప్పుడు మీరు పక్కనే ఉండండి, కానీ మాట ఆయన నోటి నుంచే రావాలి. మీరు చెబితే కోడలు కొడుకును విడదీసిందంటారు. కొడుకు చెబితే, అదీ డాక్టరు దగ్గరకు తానే తీసుకెళ్తానని, ప్రతి ఆదివారం వస్తానని చెప్పి ఆ మాట నిలబెట్టుకుంటే, వాళ్లు మొదట నొచ్చుకున్నా తర్వాత సర్దుకుంటారు. దీనికి కూడా ఆయన ఒప్పుకోకపోతే, మీ ఇద్దరికీ చనువున్న పెద్దల్లో ఒకరిని కూర్చోబెట్టి మాట్లాడండి. అంతవరకు ఇల్లు ఖాళీ చేయకండి, పాప టీసీ తీసుకోకండి.