తన పాటను తానే దొంగిలించాడా?

ప్రశ్న: క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ అనే అమెరికన్ రాక్ బృందం పాటలు ఇష్టంగా వింటాను. అంత పేరు తెచ్చుకున్న బృందం నాలుగైదేళ్లకే ఎందుకు విడిపోయింది? దాని ప్రధాన గాయకుడి మీద తన పాటను తానే కాపీ కొట్టాడని కేసు పెట్టారని విన్నాను. నిజమేనా?
– ఒక పాఠకుడు

జవాబు: నిజమే. ఆ వివాదంలో ఒక భాగం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అయితే ఆ కేసుకూ బృందం విడిపోవడానికీ వేళ్లు ఒకచోటే ఉన్నాయి కాబట్టి మొదటి నుంచీ చెప్పుకోవాలి.

నాలుగైదేళ్లన్నది ఆ పేరుతో వారు ఉన్న కాలం మాత్రమే. కాలిఫోర్నియాలోని ఎల్ సెరిటోలో బడిలో చదువుకుంటూ జాన్ ఫోగర్టీ, స్టూ కుక్, డగ్ క్లిఫర్డ్ 1959 నాటికే కలిసి వాయించేవారు. జాన్ అన్న టామ్ ఆ తరువాత వారితో కలిశాడు. 1964లో ఫాంటసీ రికార్డ్స్ అనే జాజ్ సంస్థ వారిని తీసుకుని, వారినైనా అడగకుండా 'గాలీవాగ్స్' అనే పేరుతో రికార్డు విడుదల చేసింది. ఆ పేరు వారికి నచ్చలేదు, ఆ రికార్డులూ పెద్దగా ఆడలేదు. 1967లో సాల్ జాంట్స్ ఆ సంస్థను కొన్నాక, 1968 మొదట్లో ఇప్పుడు మనకు తెలిసిన పేరు వచ్చింది.

1969లో వారు చేసిన పని ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. ఒకే సంవత్సరంలో మూడు ఆల్బమ్‌లు వచ్చాయి. వాటిలోని సొంత పాటలన్నీ దాదాపుగా జాన్ రాసినవే, పాడిందీ అతడే. లూసియానా చిత్తడి నేలలూ, మిసిసిపీ నది పడవలూ ఆ పాటల నిండా ఉంటాయి గనుక వీరు దక్షిణాది వారని అనుకున్నవారు ఎందరో. నిజానికి వీరు శాన్ ఫ్రాన్సిస్కో పరిసరాల్లో పెరిగినవారు. అదే నగరంలోని ఇతర బృందాలు వేదిక మీద ఒక్కో పాటను గంటల తరబడి సాగదీస్తున్న రోజుల్లో, వీరు రోజూ ఉద్యోగానికి వెళ్లినట్టు సాధనకు వెళ్లి, మూడు నిమిషాల పాటలను నిక్కచ్చిగా తయారుచేసేవారు. నా దృష్టిలో వారి విజయానికి ప్రతిభ ఎంత కారణమో ఆ క్రమశిక్షణా అంతే కారణం.

ఆ క్రమశిక్షణకు మరో ముఖం కూడా ఉంది. ఏ పాట ఎలా ఉండాలో, ఏ నిర్ణయం ఎప్పుడు తీసుకోవాలో అన్నీ జాన్ చేతిలోనే ఉండేవి. టామ్ 1971లో తప్పుకున్నాడు. ఆ తరువాత కుక్, క్లిఫర్డ్ కూడా రాసి పాడేలా 1972లో తెచ్చిన 'మార్డీ గ్రా' ఆల్బమ్‌ను విమర్శకులు చీల్చి చెండాడారు. ఆ ఏడాది అక్టోబరులో బృందం ముగిసింది. ఇగోలు ఇలాంటి ప్రతి బృందంలోనూ ఉంటాయి. వీరిని కోలుకోనీయకుండా చేసినది మాత్రం ఫాంటసీతో కుదుర్చుకున్న ఒప్పందం. పాటల కాపీరైట్ సంస్థ చేతిలో ఉండగా, ఇంకా ఇవ్వవలసిన పాటల బాకీ సంగీతకారుల మీద ఉండేది. మిగతావారిని ఆ బాకీ నుంచి వదిలిపెట్టినా జాన్‌ను వదల్లేదు. చివరికి పాత పాటల మీద తనకు రావలసిన రాయల్టీలను వదులుకుని అతడు బయటపడ్డాడు, ఏళ్ల తరబడి ఆ పాటలను వేదిక మీద పాడనే లేదు.

ఇక కేసు విషయం. 1985లో అతడు 'సెంటర్‌ఫీల్డ్' అనే ఆల్బమ్‌తో మళ్లీ వచ్చాడు. అందులోని 'ది ఓల్డ్ మ్యాన్ డౌన్ ది రోడ్' అనే పాట, 1970లో అతడే రాసిన 'రన్ త్రూ ది జంగిల్'కు కాపీ అని ఫాంటసీ దావా వేసింది. వినడానికి వింతగా ఉన్నా చట్టరీత్యా ఇది అర్థంలేని దావా కాదు. ఇల్లు కట్టినవాడైనా అమ్మేశాక అనుమతి లేకుండా అందులో అడుగు పెట్టలేడు కదా. 1988లో విచారణ జరిగినప్పుడు జాన్ గిటారుతో సాక్షి స్థానంలో కూర్చుని, రెండు పాటల్లోనూ వినిపించేది తన శైలే తప్ప ఒకే బాణీ కాదని వాయించి చూపించాడు. జ్యూరీ అతడి పక్షాన తీర్పు చెప్పింది.

గెలిచినా లాయర్ ఖర్చులు మిగిలాయి. దావా వేసినవారు గెలిస్తే ఖర్చులు సులువుగా ఇప్పించే దిగువ కోర్టులు, ప్రతివాది గెలిచినప్పుడు మాత్రం ఆ దావా పనికిమాలినదనో దురుద్దేశంతో వేసినదనో నిరూపించమనేవి. ఇద్దరినీ ఒకే కొలతతో చూడాలని 1994లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తేల్చింది. తరువాత అతడికి 13 లక్షల డాలర్లకు పైగా ఖర్చులు దక్కాయి. అమెరికా కాపీరైట్ కేసుల్లో 'ఫోగర్టీ వర్సెస్ ఫాంటసీ' తీర్పును ఇప్పటికీ ఉదహరిస్తారు.

ప్రశ్న: వారి పాట ఒక్కటి కూడా అమెరికాలో మొదటి స్థానానికి రాలేదంటారు. తరువాత ఎప్పుడైనా మళ్లీ కలిశారా?
– ఒక పాఠకురాలు

జవాబు: అమెరికాలో పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ హాట్ 100 పట్టికలో వారి సింగిల్స్ (విడిగా విడుదల చేసిన రికార్డులు) ఐదు రెండో స్థానం దాకా వచ్చి ఆగిపోయాయి. ఆల్బమ్‌లకు ఆ లోటు లేదు. 'గ్రీన్ రివర్', 'కాస్మోస్ ఫ్యాక్టరీ' రెండూ అగ్రస్థానం చూశాయి. బ్రిటన్‌లో 'బ్యాడ్ మూన్ రైజింగ్' మొదటి స్థానానికి చేరింది.

1980లో టామ్ పెళ్లి విందులో నలుగురూ కలిసి వాయించినా, బృందంగా మళ్లీ కలవడం మాత్రం జరగలేదు. అన్నదమ్ముల మధ్య సఖ్యత పూర్తిగా కుదరకుండానే టామ్ 1990లో మరణించాడు. 1993లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం దక్కిన రాత్రి కూడా జాన్ పాత మిత్రులిద్దరితో కలిసి వాయించడానికి ఒప్పుకోలేదు. వేరే సంగీతకారులతో కలిసి ఆ పాటలు పాడాడు. అతడి కోపంలో న్యాయం ఉందని ఒప్పుకుంటూనే, ఆ రాత్రి అతడు చేసింది బాగుందని నేను అనలేను. 2004లో ఫాంటసీని కాంకర్డ్ సంస్థ కొన్నాక జాన్‌కు రాయల్టీలు తిరిగి మొదలయ్యాయి. తాను రాసిన పాటల ప్రచురణ హక్కుల్లో అధిక భాగాన్ని అతడు 2023 జనవరిలో, 77 ఏళ్ల వయసులో కొనుక్కున్నాడు.