ఇండోర్ సైక్లింగ్ లీడర్‌బోర్డులను నమ్మొచ్చా?

గండిపేట రోడ్డు మీద మీ వెనకాల ఆయాసపడుతూ వచ్చే ఫ్రెండు, ఇంట్లో సైకిల్ తొక్కుతూ తెర మీద పోటీపడే జ్విఫ్ట్ యాప్ ర్యాంకుల పట్టికలో (లీడర్‌బోర్డులో) మాత్రం మీకంటే పైన ఎలా ఉంటున్నాడు, ఏదైనా మతలబు చేస్తున్నాడా అని అడిగారు. చేస్తుండొచ్చు. కానీ ముందు అతని ట్రైనర్‌ని, అంటే సైకిల్‌ని బిగించి ఉన్నచోటే తొక్కించే, ఎంత బలంతో తొక్కుతున్నామో వాట్లలో లెక్కగట్టే యంత్రాన్ని, అనుమానించండి. ఎందుకంటే దాదాపు రెండేళ్లు ఆ ఫ్రెండుని నేనే, నాకే తెలియకుండా.

నాది వెనక చక్రం రోలర్‌కి ఆనుకుని తిరిగే పాత రకం ట్రైనర్. ఆల్ప్ డు జ్విఫ్ట్ అంటే ఆ యాప్‌లోని ఒక కొండ ఎక్కుడు: 12.2 కిలోమీటర్లు, 1,036 మీటర్ల ఎత్తు, 21 మలుపులు. దాన్ని 59 నిమిషాల్లో ఎక్కేశానని ఆఫీసులో స్క్రీన్‌షాట్ కూడా అందరికీ చూపించాను. ఒక ఆదివారం మా గ్రూపులో ఒకాయన పవర్ మీటర్ పెడల్స్ (తొక్కే బలాన్ని పెడల్ దగ్గరే కొలిచేవి) తెచ్చి నా బైక్‌కి బిగించాడు. తొక్కేది ఒక్కడే, లెక్కలు రెండు: ట్రైనర్ 231 వాట్లు అంటోంది, పెడల్స్ 204 అంటున్నాయి. ఆయన ఏమీ అనలేదు, ఫ్యాన్ కాస్త నా వైపు తిప్పాడు. అంతే.

కారణం వెతికితే చిన్నదే. ఎప్పుడో టైరులో గాలి తక్కువగా ఉన్నప్పుడు, అదీ తొక్కడం మొదలెట్టీ మొదలెట్టకముందే కాలిబ్రేషన్ (ట్రైనర్ కొలత సరిచేయడం) చేశాను. తర్వాత గాలి గట్టిగా కొట్టించాను. టైరు తేలిగ్గా తిరుగుతున్నా ట్రైనర్ మాత్రం దాన్ని తిప్పడానికి ఇంకా మునుపటంత బలం పడుతోందని లెక్కేసుకుంటోంది. పది నిమిషాలు తొక్కి, అంతా వేడెక్కాక స్పిన్‌డౌన్ (చక్రాన్ని వేగంగా తిప్పి వదిలేసి చేసే కాలిబ్రేషన్) మళ్లీ చేస్తే తేడా 5 వాట్లకు దిగింది.

ఇక ఒంటి బరువు. యాప్‌లో చేరినప్పుడు 72 కేజీలని రాశాను, అప్పటికి నిజమే. ఈమధ్య తూచుకుంటే 78. ఎక్కుడులో వేగమంతా కేజీకి ఎన్ని వాట్లు అన్నదాని మీదే కాబట్టి, ఈ 6 కేజీలు గంట ఎక్కుడులో మూడు నాలుగు నిమిషాలు ఊరికే కలిపిస్తాయి. ఎవరూ వచ్చి తూచరు కదా!

కావాలని చేసేవాళ్లూ లేకపోలేదు. 2019లో బ్రిటిష్ ఈ-సైక్లింగ్ ఛాంపియన్‌షిప్ గెలిచిన కామెరాన్ జెఫర్స్ టైటిల్ తర్వాత పోయింది. అతను రేసులో వాడిన బైక్ జ్విఫ్ట్ తెర మీది బైక్, చాలా తొక్కితే గానీ దొరకదు; దాన్ని తొక్కి సంపాదించుకోలేదు, తొక్కినట్టు ప్రోగ్రాముతో చూపించి తెచ్చుకున్నాడు. ఆరు నెలల నిషేధం, 250 పౌండ్ల జరిమానా. అందుకే పెద్ద పోటీలు ఎవరి పరికరాన్నీ నమ్మవు. 2020లో అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ మొదటి ఈ-స్పోర్ట్స్ ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో అందరికీ ఒకే మోడల్ ట్రైనర్ ఇచ్చారు. (పురుషుల్లో గెలిచింది జేసన్ ఓస్బోర్న్, అప్పటికి అసలు పడవ పందేల్లో తెడ్లేసే మనిషి.) మన మామూలు లీడర్‌బోర్డుకి ఆ కట్టుదిట్టాలేవీ లేవు. వెనక చక్రం తీసేసి చైన్‌ని నేరుగా తగిలించే మంచి డైరెక్ట్ డ్రైవ్ ట్రైనర్‌లోనే 2 శాతం అటూఇటూ ఉండొచ్చని కంపెనీలే చెప్తాయి. 250 వాట్ల దగ్గర మీకు 5 తక్కువ, అతనికి 5 ఎక్కువ చూపిస్తే తేడా 10 వాట్లు. ఇద్దరూ నిజాయితీపరులే.

మే నెలలో ఏసీ లేని గదిలో తొక్కేవాడికీ, చలిదేశంలో గ్యారేజీలో తొక్కేవాడికీ పోలికేంటన్నది వేరే గొడవ. నాకైతే చివరి నుంచి ఐదో మలుపు దగ్గర కరెంటు పోయిన రోజు కూడా ఉంది. దానికి బోర్డు మీద గడి లేదు.

మీరు చేయాల్సింది ఇదీ. అతన్ని మీ ఇంటికి పిలిచి, ఇద్దరూ మీ ట్రైనర్ మీదే, అప్పటికప్పుడు తూచుకున్న బరువులతో, ఒకే ఎక్కుడు తొక్కండి. తేడా కాళ్లదో ట్రైనర్లదో బయటపడుతుంది. అడిగేటప్పుడు మోసం అన్న మాట మాత్రం నోట రానివ్వకండి.

నేను బరువు 78కి మార్చి, కాలిబ్రేషన్ సరిచేసి మళ్లీ ఎక్కితే గంటా 11 నిమిషాలు పట్టింది. ఆ 59 నిమిషాల రైడ్ ఇంకా నా ఖాతాలోనే ఉంది. తీసేద్దామని ప్రతి వారం అనుకుంటున్నాను.